నొప్పి తెలిసే హింస మీదే మనకు కోపం

నికొలస్ వైండింగ్ రెఫ్న్ తీసిన హాలీవుడ్ సినిమా ‘డ్రైవ్’ 2011 మే నెలలో కేన్స్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి అవార్డు తెచ్చుకుంది. అదే సినిమా సెప్టెంబరులో అమెరికా థియేటర్లకు వచ్చినప్పుడు, మొదటి ఆటల ప్రేక్షకులను అడిగి గ్రేడు ఇచ్చే సినిమాస్కోర్ సర్వేలో దానికి దక్కింది సీ మైనస్. మామూలు సినిమాలకే బీలు, ఏలు పడే ఆ సర్వేలో సీ మైనస్ అంటే జనం ఛీకొట్టినట్టే లెక్క. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, టికెట్ కొన్నవాళ్లు మొహం చిట్లించారు అన్న ఈ కథ సినీ చర్చల్లో చాలాసార్లు నలిగి, చివరికి రెండు తీర్పుల దగ్గర ఆగింది. ప్రేక్షకులకు అభిరుచి లేదనేది ఒకటి, దర్శకుడి దగ్గర హంగు తప్ప సరుకు లేదనేది మరొకటి. రెండూ తప్పే. ఆ సినిమాలోని హింస చేయాల్సిన పని చేసిందనడానికి ఆ సీ మైనస్సే రుజువు.

మోసపోయామన్నవారి మాటలో కొంత న్యాయం లేకపోలేదు. మిషిగన్‌కు చెందిన ఒక ప్రేక్షకురాలు, కార్ల ఛేజింగ్ సినిమా అని ట్రైలర్‌తో నమ్మించి మరేదో చూపించారంటూ పంపిణీ సంస్థ మీద దావా వేశారు. అది నిలవలేదు. మన సుప్రీంకోర్టు కూడా 2024 ఏప్రిల్‌లో, హిందీ సినిమా ‘ఫ్యాన్’ ప్రచారంలో వినిపించిన పాట సినిమాలో లేదన్న ఫిర్యాదు మీద తీర్పు చెబుతూ, ట్రైలర్‌ను ప్రేక్షకుడితో చేసుకున్న ఒప్పందంగా చూడలేమని తేల్చింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ ఉన్నారు. చట్టం సంగతి ఎలా ఉన్నా, ట్రైలర్ చేసిన పాపానికి సినిమాను శిక్షించడం సరికాదు.

తన తీరు ఏమిటో ‘డ్రైవ్’ మొదటి పది నిమిషాల్లోనే దాపరికం లేకుండా చెప్పేస్తుంది. దొంగలను పోలీసులకు చిక్కకుండా దాటించడానికి కథానాయకుడైన డ్రైవరు (ర్యాన్ గాస్లింగ్) చేతికి వచ్చే బండి, రోడ్డు మీద ఎవరూ రెండోసారి తిరిగి చూడని వెండిరంగు షెవ్రోలే ఇంపాలా. ఒక చెవి పోలీసు రేడియోకూ మరో చెవి బాస్కెట్‌బాల్ వ్యాఖ్యానానికీ అప్పగించి, అతను బండి ఆపుతాడు, లైట్లు ఆర్పుతాడు, ఓపిగ్గా కాచుకుంటాడు. ఆట ముగిసి జనం బయటకు వచ్చే వేళకు స్టేడియం పార్కింగులోకి చేరి గుంపులో కలిసిపోతాడు. ఇంత నింపాదితనం చూశాక కూడా మిగిలిన గంటన్నరా టైర్ల మోతే వినిపిస్తుందని ఆశించినవారికి దర్శకుడు జవాబుదారీ కాడు.

అసలు పేచీ లిఫ్టు సన్నివేశం దగ్గర వస్తుంది. డ్రైవరు, అతను మనసుపడ్డ పొరుగింటి ఐరీన్, ఇద్దరికీ ముక్కూమొహం తెలియని ఒక మనిషి ఆ లిఫ్టులో ఉంటారు. ఆ మనిషి కోటు లోపలి తుపాకీ డ్రైవరు కంట పడుతుంది. అతను ఐరీన్‌ను చేత్తో మెల్లగా మూలకు జరుపుతాడు, వెలుతురు తగ్గుతుంది, కదలికలన్నీ నెమ్మదించి ఒక ముద్దు దగ్గర ఆగుతాయి. మరుక్షణమే ఆ మనిషిని కింద పడేసి తలను బూటుకాలితో తొక్కుతాడు. ప్రాణం పోయిందని మనకు తెలిసిన తర్వాత కూడా తొక్కుతూనే ఉంటాడు. ఐరీన్ వెనక్కి నడుస్తూ బయటపడుతుంది, రొప్పుతూ నిలబడ్డ అతన్ని ఆమె చూస్తూండగానే తలుపులు మూసుకుంటాయి. మనకున్న అలవాటు ప్రకారం ఆ క్షణాన నాయిక కళ్లలో ఆరాధన కనిపించాలి, నేపథ్య సంగీతం హోరెత్తాలి. ఇక్కడ మాత్రం తన ప్రాణం నిలబెట్టినవాణ్ణి చూసే ఆమె భయపడుతుంది. థియేటర్లో కూర్చున్నవారికి మింగుడుపడనిది ఆ నెత్తురు కంటే ఆమె చూపేనని నా నమ్మకం. క్లబ్బు డ్రెస్సింగ్ రూములో డ్రైవరు ఒకడి చేతిని సుత్తితో చితక్కొట్టి, నుదుటి మీద తూటా ఆనించినప్పుడు, అద్దాల ముందున్న డాన్సర్లు కదలకుండా మెదలకుండా చూస్తూ కూర్చుంటారు. ఆ వరుసలో రెఫ్న్ మనల్ని కూడా కూర్చోబెట్టాడు.

ఇక మన సంగతికి వద్దాం, ఎందుకంటే నా బాధంతా ఇదే. ‘డ్రైవ్’లో చచ్చేవారు అటూ ఇటుగా పదిమంది. మన పెద్ద హీరో సినిమాల్లో ఇంటర్వెల్ ముందు ఫైటు ఒక్కదానిలోనే అంతకు రెట్టింపు మంది కూలిపోతారు. వాళ్లకు పేర్లుండవు, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లుండరు, ఆసుపత్రి బిల్లులుండవు. కత్తి దిగిన ప్రతిసారీ హాలులో ఈల పడుతుంది, దుమ్ము అణగకముందే విదేశాల్లో పాట మొదలవుతుంది. దాన్ని మనం పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూస్తాం. (పాప్‌కార్న్ ధర మీద వచ్చే ఫిర్యాదులు దీని మీద రావు.)

ఈ అలవాటులో సెన్సారు బోర్డు వాటా చిన్నది కాదు. 2023 సవరణ చట్టం వచ్చాక యూఏ సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని వయసుల వారీగా విడగొట్టారు. అయితే అవి తల్లిదండ్రులకు ఇచ్చే సూచనలే తప్ప గేటు దగ్గర పిల్లవాణ్ణి ఆపే నిబంధనలు కావు. కత్తెర మాత్రం తెగిన చెయ్యి మీద, చిందిన నెత్తురు మీద పడుతుంది. ఆ షాటు నిడివి తగ్గించి, ఎరుపు మసకబరిస్తే పని అయిపోతుంది. దానివల్ల చంపడం తెర మీద అలాగే మిగులుతుంది, చావు మాత్రం కనిపించకుండా పోతుంది. నొప్పి తెలియని హత్యలనే పసివాళ్లకు చూపించవచ్చని మన వ్యవస్థ ఏటా ముద్ర వేసి మరీ చెబుతోంది.

‘డ్రైవ్’ పిల్లలు చూడాల్సిన సినిమా అని నేను అనను. పెద్దలకు మాత్రమే అనే ముద్ర దానికి తగినదే. ఆ పదిమంది చావులకు ఆ ముద్ర తగినదైతే, ముప్పై శవాల నడుమ హీరో నవ్వుతూ కాలరు సర్దుకునే సినిమాకు కూడా అదే ముద్ర వేయాలి.