పెద్దమ్మ ఎత్తు ఎవరు కొలిచారు?

మా పెద్దమ్మది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి దగ్గర పల్లె. నాలుగేళ్ల కిందట వెళ్లినప్పుడు దేవుడి గూట్లో దీపం పెట్టడానికి పీట ఎక్కుతోంది. నా చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకునే అదే గూట్లో వత్తి ఎగదోసేది. ఇదేంటని అడిగితే "ముసిల్దాన్నయిపోనాను గదరా, కుంగిపోతన్నాను" అంది. నేనూ సరేననుకున్నాను. ఆ పీట మీంచే జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. పట్నంలో ఓ ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేశారు, ఆరు వారాలకు విప్పి పంపేశారు. జానెడు పీట మీంచి పడితేనే ఎముక ఎందుకు విరిగిందని ఎవరూ అడగలేదు. నిరుడు తుంటి విరిగింది.

విరిగినచోట కట్టు కట్టి, ఎముక సంగతి వదిలేస్తున్నామన్నదే నా బాధ. యాభై దాటినవాళ్లకు నిలబడ్డ ఎత్తు నుంచి పడి ఎముక విరిగిందంటే ముందుగా అనుమానించాల్సింది ఎముకల గుల్లతనాన్నే. వెన్నుపూసలకైతే పడక్కర్లేదు, బిందె ఎత్తినా నలిగిపోతాయి. చాలామందికి అది తెలియను కూడా తెలియదు. మనిషి రెండంగుళాలు తగ్గుతుంది, వీపు వంగుతుంది, ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందంటారు.

ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గి, మొదటి కొన్నేళ్లలో ఎముక వేగంగా కరుగుతుంది. ఆ వయసు ఆడవాళ్లకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. నూరు గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. ఎముకతో సహా నమిలే ఎండు నెత్తళ్లూ మంచివే. మన పాత కంచంలో ఇవన్నీ ఉండేవి. చోడి అంబలి పోయి మూడు పూటలా తెల్లన్నమే మిగిలింది.

అయితే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో కాల్షియం మాత్రలు పంచేస్తే సరిపోదు. ఎండ వల్ల ఒంట్లో తయారైన విటమిన్ డి పనికొచ్చే రూపానికి మారేది కిడ్నీలోనే. కిడ్నీ చెడితే రక్తంలో భాస్వరం పేరుకుంటుంది, పారాథైరాయిడ్ హార్మోను పెరిగి ఎముకలోంచి కాల్షియం లాగేస్తుంది. ఎముకల గుల్లతనానికి వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ కిడ్నీ వడపోత నిమిషానికి 35 మిల్లీలీటర్ల కంటే తగ్గినవాళ్లకు మామూలుగా ఇవ్వరు. అందుకే ఇక్కడ కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్ చూడకుండా ఎముకల మందు రాయకూడదు. నడుం నొప్పని ఊళ్లో వేయించుకునే సూదుల సంగతి మరీ దారుణం. నొప్పి మందులు కిడ్నీని దెబ్బతీస్తాయి, స్టిరాయిడ్లు నెలల తరబడి వాడితే ఎముకను తినేస్తాయి. ఏ సూది వేస్తున్నారో అడిగే అలవాటే మనకు లేదు.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో, పడుచువాళ్ల ఎముకతో పోల్చి చెప్పే టీ స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే కిందకు గానీ ఉంటే జబ్బు ఖాయం. ఆ యంత్రం ప్రతి మండలానికీ రాదు, నిజమే. కానీ మొదటి జల్లెడకు అది అక్కర్లేదు. ఫ్రాక్స్ అనే లెక్కింపు పద్ధతి భారతీయుల కోసం కూడా ఉంది, స్కాన్ లేకుండానే ఎముక విరిగే ముప్పు అంచనా కడుతుంది. నెల మొదట్లో 4,000 రూపాయల పింఛను ముసలివాళ్ల గుమ్మం దాకా వస్తోంది. ఏడాదికోసారి ఆ గుమ్మంలోనే టేపు పట్టి ఎత్తు రాసుకుని, యాభై దాటాక ఏ ఎముకైనా విరిగిందా అని అడిగితే ఎంత ఖర్చవుతుంది? పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అనుమానం ఉన్నవాళ్లను పంపడానికి, కిడ్నీనీ ఎముకనూ కలిపి చూడటానికి అంతకంటే తగిన చోటు జిల్లాలో ఏముంది?

పెద్దమ్మ ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది. దీపానికి నడుమెత్తు బల్ల వేయించాం. దాని పక్క గోడ మీద పెన్సిల్‌తో ఆమె ఎత్తు గీసి, తారీఖు రాశాను.