‘అంతా సినిమా కోసమే’ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

షూటింగ్ జరిగే ప్రతిచోటా మీరుంటారు కాబట్టి అడ్రస్ రాయడం లేదు. హీరో మధ్యాహ్నం దాకా రాకపోయినా మీ పేరే చెబుతారు, జూనియర్ ఆర్టిస్టుల్ని చన్నీళ్లలో గంటల తరబడి నిలబెట్టినా మీ పేరే చెబుతారు. మీ పేరు వినబడితే చాలు, ఎంతటివాడైనా నోరు మూసుకుంటాడు. నేను మూసుకోదల్చుకోలేదు. 2000లో వచ్చిన ‘షాడో ఆఫ్ ద వాంపైర్’ సినిమాలో మీరు వెలగబెట్టిన నిర్వాకం గురించి కొంచెం మాట్లాడుకుందాం.

కథ మీకు తెలిసిందే. 1921లో జర్మన్ దర్శకుడు మూర్నావ్ ‘నోస్ఫెరాటు’ అనే మూకీ తీస్తుంటాడు. రక్తపిశాచి వేషానికి మాక్స్ ష్రెక్ అనే మనిషిని తెస్తాడు. ‘ఈయన రష్యన్ నటగురువు స్టానిస్లావ్‌స్కీ పద్ధతిలో నటిస్తాడు. మేకప్ తీయడు, పాత్రలోంచి బయటికి రాడు, రాత్రిళ్లు తప్ప షూటింగ్‌కి రాడు’ అని యూనిట్‌కి చెబుతాడు. అందరూ తలాడించారు. కొనదేరిన చెవులు, ఎలుక పళ్లు, జానెడు గోళ్లు చూసి కూడా ఒక్కడికి అనుమానం రాలేదు. పైగా, అబ్బ, ఏం డెడికేషన్ అనుకున్నారు! అతను నిజంగానే పిశాచం. రెమ్యునరేషన్ కింద మాట్లాడుకున్నది హీరోయిన్ గ్రేటా మెడ, అదీ ఆఖరి షాట్‌లో. ఆమె అగ్రిమెంట్‌లో మాత్రం ఈ క్లాజ్ లేదు.

ఆ సినిమాలో నాకు బాగా నచ్చినది, మీ మీద బాగా కోపం తెప్పించినది ఒకే సీను. రాత్రిపూట నిర్మాత, రచయిత మందు కొడుతుంటే ష్రెక్ వచ్చి కూర్చుంటాడు. డ్రాక్యులా నవల చదివారా అని అడిగితే, చదివాను, బాధేసింది అంటాడు. ఎందుకట? డ్రాక్యులాకి నౌకర్లు లేరు. ఇంటికి అతిథి వస్తే తనే బల్ల సర్దాలి. వందల ఏళ్లుగా తిండి ముట్టనివాడు రొట్టె ఎలా కొనాలో, ఏ జున్ను, ఏ వైను బాగుంటుందో గుర్తు తెచ్చుకోవాలి. ష్రెక్ వేషం వేసిన విల్లెమ్ డెఫో ఈ మాటలు చెబుతుంటే పిశాచం మీద జాలేస్తుంది, ఒట్టు. అంతలో గబ్బిలం ఎగురుతూ వస్తుంది. గాల్లోనే పట్టుకుని కసుక్కున కొరికి తింటాడు. ఎదురుగా ఉన్న ఇద్దరూ లేచి పారిపోవాలా వద్దా? ఏం నటుడండీ అని మురిసిపోయారు! ఆ మురిపెం మీరు పెట్టిన భిక్షే.

తర్వాత అతను కెమెరామన్‌ని కొరికితే మూర్నావ్ వెళ్లి తగువు పడతాడు. మనిషిని కొరికినందుకు కాదు. అవసరమైనవాణ్ణి కొరికినందుకు. స్క్రిప్ట్ అమ్మాయిని తినొచ్చుగా అంటాడు. ఆమెను తర్వాత తింటాను అంటాడు వాడు. పనిలో పనిగా, రచయిత కూడా మనకు అక్కర్లేదేమో అని ఒక సలహా పడేస్తాడు. ఈ ముక్క విని నవ్వని రచయిత ఉండడు, నవ్వాక కాస్త తడుముకోనివాడూ ఉండడు.

ఇదంతా కట్టుకథ అని మీ తరఫు వకీలు లేస్తాడని తెలుసు. కట్టుకథే. అసలు ష్రెక్ మామూలు రంగస్థల నటుడు, 1936లో పోయేదాకా వేషాలు వేసుకుంటూనే బతికాడు. ఇందులో ఆఖర్న చచ్చిపోయే రెండో కెమెరామన్ వాగ్నర్ నిజ జీవితంలో 1931లో దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ఎమ్’ సినిమాకి కూడా పనిచేశాడు. ‘నోస్ఫెరాటు’లో రాత్రి సీన్లు పట్టపగలే తీసి నీలిరంగు అద్దారు. పిశాచం శవపేటిక మోసుకుంటూ ఎండలోనే ఊళ్లో తిరుగుతుంటుంది. అన్నట్టు, కథలో మేకప్ కాదన్న ఆ మొహానికే బయట మేకప్ విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. డెఫోకీ వచ్చింది. రెండూ చేజారాయనుకోండి.

కానీ అసలు ‘నోస్ఫెరాటు’ విషయంలో మీ చెయ్యి లేదనకండి. బ్రామ్ స్టోకర్ 1897 నవలని హక్కులు కొనకుండా లాగేసి, డ్రాక్యులాని ఆర్లాక్ చేసి చేతులు దులుపుకున్నారు. పేర్లు మారిస్తే కథ మనదైపోతుందన్న ఈ విద్యని మనవాళ్లు ఫ్రీమేక్ అంటారు, బెర్లిన్‌లో అప్పటికే వచ్చు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ ఊరుకోలేదు, కోర్టుకెక్కింది. నిర్మాణ సంస్థ ప్రానా ఫిల్మ్ ఒక్క సినిమాతోనే దివాలా తీసింది. ప్రింట్లన్నీ నాశనం చేయమని 1925లో తీర్పు వచ్చింది. కొన్ని తప్పించుకున్నాయి కాబట్టి మనం చూస్తున్నాం. చూసి సంతోషిస్తున్నాం కూడా, అదే మీ ధైర్యం.

ఇక క్లైమాక్స్. గ్రేటాకి మత్తుమందిచ్చి మంచం మీద పడుకోబెట్టారు. పిశాచం ఆమెను తాగింది, వాగ్నర్‌ని చంపింది, నిర్మాతని చంపింది. మూర్నావ్ కెమెరా హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాడు. పారిపోలేదు, అరవలేదు. ఫ్రేమ్ కుదరలేదు, వెనక్కి వెళ్లి నీ మార్క్ దగ్గర నిలబడు అన్నాడు. వాడు బుద్ధిగా వెళ్లి నిలబడ్డాడు! మూర్నావ్ వేషంలో జాన్ మాల్కోవిచ్ ఆ మాట అనే తీరు చూస్తే, గదిలో రెండో పిశాచం ఎవరో సినిమా వేరే చెప్పక్కర్లేదు. తలుపు తెరిచారు, ఎండ పడింది, వాడు కరిగిపోయాడు. షాట్ ఓకే.

నేనడిగేది ఒక్కటే. ఆ పొద్దున ముగ్గురి ఇళ్లకి కబురు పెట్టే పని ఎవరికి అప్పజెప్పారు? ప్రొడక్షన్ మేనేజర్‌కే అయ్యుంటుంది. వెళ్లి వాళ్లకి మీ పేరే చెప్పమన్నారా?

ఇట్లు,
టికెట్ కొనుక్కుని చూసే ఒక ప్రేక్షకుడు