పిపిఈ కిట్టు కాదు బాబూ, పిపిఈ డిగ్రీ

మొన్న ఆదివారం మా అక్క కొడుకుని వెంటేసుకుని ఓ హోటల్లో పెట్టిన ఫారిన్ ఎడ్యుకేషన్ ఫేర్‌కి వెళ్ళాను, వెళ్ళాను అనేకంటే మా బావ తోలాడు అంటే కరెక్టు, ఎందుకంటే కొడుకేమో ఎక్కడా నోరు విప్పి అడగడు, తండ్రికేమో టై కట్టుకున్నవాళ్ళని అడగాలంటే మొహమాటం, ఇక మిగిలింది నేనే. అక్కడ టేబుల్ వెనకాల కుర్రాడు నిగనిగలాడే బ్రోచర్ ఒకటి చేతిలో పెట్టి "సార్, మా యూనివర్సిటీలో చదివినవాళ్ళు ఎక్కడెక్కడ సెటిలయ్యారో చూడండి" అన్నాడు. పేజీ నిండా నవ్వు మొహాలే, ఒక్కళ్ళ పేరు కూడా నేను విన్నది కాదు. సర్లే, నాకు తెలిసిన పేర్లున్న చోటే అడుగుదామని "బాబూ, ఆక్స్‌ఫర్డ్‌లో పిపిఈకి ఎంతవుతుంది?" అన్నా. వాడు రెండు సెకన్లు ఆలోచించి "కిట్లు ఇప్పుడు అక్కర్లేదు సార్, కోవిడ్ రూల్స్ ఎప్పుడో ఎత్తేశారు" అన్నాడు.

నవ్వకండి. ఆ కుర్రాడు తనకి తెలీకుండానే ఈమధ్యకాలపు బ్రిటన్ చరిత్ర అంతా ఒక్క ముక్కలో చెప్పేశాడు, నేనేమో ఇంకో రెండు పేజీలు తీసుకుంటా.

పిపిఈ అంటే ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్. 1920లో మొదలెట్టారు, మూడేళ్ళ బీఏ, అందులోనూ మొదటి ఏడాది అయ్యాక కావాలంటే మూడింట్లో ఒకటి వదిలేసుకోవచ్చు. సరే, 2020లో కోవిడ్ వచ్చినప్పుడు బ్రిటన్ ఆరోగ్యమంత్రి ఎవరండీ? మ్యాట్ హాన్‌కాక్, ఆక్స్‌ఫర్డ్ పిపిఈ. డబ్బులిచ్చే ఆర్థికమంత్రి? రిషి సునాక్, ఆక్స్‌ఫర్డ్ పిపిఈ. అంటే ఆ గౌన్లు, మాస్కులు కొనే బాధ్యత సరిగ్గా ఆ సబ్జెక్ట్ చదివినవాళ్ళ చేతుల్లోనే పడింది, ఇంతకంటే క్వాలిఫికేషన్ ఎవరికుంటుంది? 2020-21లో ఆరోగ్యశాఖ కొన్న 12.1 బిలియన్ పౌండ్ల పిపిఈ సరుకులో 8.7 బిలియన్ల విలువ హుష్‌కాకి అయిపోయిందని వాళ్ళ అకౌంట్లలోనే రాసుకున్నారు, కొంత పనికిరానిది, కొంత డేటు దాటిపోయేది, ఎక్కువభాగం రేటు కొండెక్కినప్పుడు ఎగబడి కొనేసరికి తర్వాత ధర పడిపోయి పోయింది. అప్పటి రేటుకి మన లెక్కలో ఓ 87 వేల కోట్లు. హాన్‌కాక్ గారు ఆ తర్వాత తను పెట్టిన దూరం పాటించే రూల్ ఆఫీసులో తనే పాటించకుండా కెమెరాకి దొరికి 2021 జూన్‌లో రాజీనామా చేశారు, మరుసటేడు ఎంపీగా ఉంటూనే టీవీ రియాలిటీ షో కోసం ఆస్ట్రేలియా అడవికెళ్ళి, ఒంటె శరీరంలో నలుగురిలో చెప్పుకోలేని భాగాలు నమిలి మూడో స్థానం తెచ్చుకున్నారు. అదీ కెరీర్ అంటే. మన దగ్గర ఓడిన మంత్రులు పాదయాత్రలతో సరిపెట్టుకుంటున్నారు పాపం.

ఇంతకీ అక్కడ ఏం నేర్పుతారు అని మీరడగచ్చు. నేను చాలా సీరియస్‌గా స్టడీ చేసి చెప్తున్నా. అక్కడ ట్యుటోరియల్ అని ఒకటుంటుంది. వారానికో వ్యాసం, ఒక్కోసారి రెండు, దానికి చదవాల్సిన పుస్తకాల చిట్టా కిరాణా లిస్టంత ఇస్తారు, అన్నీ చదవడం మనిషన్నవాడి వల్ల కాదు. అందుకని రాత్రంతా మేలుకుని మూడు పుస్తకాల్లో ముందుమాటలు చదివి, పొద్దున్నే ఒక ప్రొఫెసర్ గదిలో పాత సోఫాలో కూర్చుని, ఎదురుగా ఆ సబ్జెక్టులో ముప్పై ఏళ్ళు తలపండిన మనిషి ఉంటే, ఆయన మొహంలోకి చూస్తూ గంటసేపు "నా అభిప్రాయం ఏంటంటే" అని వాదించాలి. తడబడకూడదు. తెలీదు అనకూడదు. ఇలా టర్ముకి ఎనిమిది వారాలు, ఏడాదికి మూడు టర్ములు, మూడేళ్ళు. అయ్యాక బయటికొచ్చినవాడికి దేశం అప్పజెప్పినా అంతే, నిన్న రాత్రే చదివొచ్చిన ధైర్యంతో నడిపేస్తాడు.

పరీక్షలు కూడా చూడముచ్చటగా ఉంటాయి. నల్ల గౌను, లోపల సూటు, మెడకి బో టై, గుండెల మీద కార్నేషన్ పువ్వు. మొదటి పేపరుకి తెల్లపువ్వు, మధ్య పేపర్లకి గులాబీరంగు, ఆఖరి పేపరుకి ఎర్రపువ్వు. మనం ఇంటర్ పరీక్షకి హాల్‌టికెట్టు, రెండు పెన్నులు, అమ్మ పెట్టిన విభూది బొట్టుతో వెళ్ళాం, సెంటర్ గేటు దగ్గర బెల్టూ చెప్పులూ విప్పించారు. వాళ్ళు పెళ్ళికొడుకుల్లా వెళ్తారు. ఇంకో విశేషం, బీఏ పాసైనవాడు చేరిన నాటినుంచి 21 టర్ములు, అంటే ఏడేళ్ళు గడిస్తే చాలు, ఒక్క పరీక్ష రాయకుండా, ఒక్క క్లాసు వినకుండా ఎంఏ ఇచ్చేస్తారు. బతికుండటమే సిలబస్. దూరవిద్యలో ఎంఏ కట్టి మూడుసార్లు తప్పిన మా పక్కింటి మాస్టారికి ఈ సంగతి చెప్పలేదు నేను, బీపీ ఉంది ఆయనకి.

ఇక ప్లేస్‌మెంట్లు. 1945లో అట్లీ నుంచి స్టార్మర్ దాకా 18 మంది ప్రధానులైతే అందులో 14 మంది ఆక్స్‌ఫర్డ్ గడప తొక్కినవాళ్ళే. మిగిలిన నలుగురిలో చర్చిల్, కాలహన్, మేజర్ అసలు యూనివర్సిటీకే వెళ్ళలేదు, బ్రౌన్ ఒక్కడు ఎడిన్‌బరో. స్టార్మర్ లీడ్స్‌లో లా చదువుకుని కూడా ఎందుకైనా మంచిదని ఒక్క ఏడాది ఆక్స్‌ఫర్డ్ వెళ్ళొచ్చాడు, తిరుపతి వెళ్ళినవాడు కాళహస్తి కూడా చూసుకుని వచ్చినట్టు. విల్సన్, హీత్, కామెరాన్, ట్రస్, సునాక్, ఈ ఐదుగురిదీ పిపిఈనే. 2015 ఎన్నికల్లో కామెరాన్‌కి ఎదురు నిలబడ్డ మిలిబాండ్‌దీ పిపిఈ, వాళ్ళిద్దర్నీ తిట్టే పొగిడే పేపర్ల ఓనరు మర్డాక్‌దీ అదే. వండినవాడు, వడ్డించినవాడు, ఉప్పు తగ్గిందని పేచీ పెట్టినవాడు, అందరూ ఆడపెళ్ళివాళ్ళే, మగపెళ్ళివాళ్ళ జాడ లేదు.

కామెరాన్ గారు ఫస్ట్ క్లాస్. సొంత పార్టీలో గొడవ సద్దుమణుగుతుందని దేశం మొత్తానికి రెఫరెండం పెట్టి, 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్‌లోంచి పోదాం అనేసరికి మర్నాడే రాజీనామా ప్రకటించి, తర్వాత ఇంకోరోజు మైకు ముందు మాట్లాడి లోపలికి పోతూ చిన్నగా కూనిరాగం తీసుకున్నారు, అది మైకులో పడింది. ఇంటికి నిప్పు పెట్టినవాడు చలి కాచుకుంటూ పాడుకున్నట్టుంది కదా. ఆ తర్వాత పెరట్లో పాతికవేల పౌండ్లు పెట్టి గొర్రెలకాపరి గుడిసె ఒకటి కట్టించుకున్నారు ఆత్మకథ రాయడానికి. ఆపైన గ్రీన్‌సిల్ అనే ఫైనాన్స్ కంపెనీ తరఫున 2020లో ఆర్థికమంత్రి సునాక్‌కి ఫోన్లో మెసేజ్‌లు, ఆ కంపెనీ మరుసటేడు మార్చిలో మునిగింది. అయినా 2023 నవంబర్లో అదే సునాక్ పిలిచి లార్డ్ బిరుదిచ్చి విదేశాంగమంత్రిని చేశాడు. సీనియర్‌కి జూనియర్ రిఫరల్ ఇవ్వడం అంటే ఇదే, మన ఐటీ కుర్రాళ్ళు నేర్చుకోవాలి.

లిజ్ ట్రస్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే సిలబస్ మొత్తం తుచ తప్పకుండా అమలుచేసింది ఆవిడొక్కతే. కాలేజీలో ఉండగా లిబరల్ డెమొక్రాట్, 1994లో పార్టీ సభలో లేచి రాచరికం వద్దని ప్రసంగం చేసింది, 2022 సెప్టెంబర్ 6న కన్జర్వేటివ్ ప్రధానిగా అదే రాణి ముందు వంగి చేయి కలిపింది, పాపం రాణిగారు రెండ్రోజులకి పోయారు, దానికీ దీనికీ సంబంధం లేదు లెండి. సెప్టెంబర్ 23న మినీ బడ్జెట్. 45 బిలియన్ పౌండ్ల పన్నులు తగ్గిస్తాం అన్నారు, మరి ఆ డబ్బు ఎక్కణ్ణించి అంటే అది ట్యుటోరియల్లో అడగలేదు. పౌండు పాతాళానికి పోయింది, ఐదోరోజుకి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వచ్చి బాండ్లు కొని అడ్డుపడాల్సి వచ్చింది. ఆ బడ్జెట్ చదివిన ఆర్థికమంత్రి క్వార్టెంగ్ గారిది కేంబ్రిడ్జి, ఆయన పీహెచ్‌డీ దేనిమీదో తెలుసా, 1695-97లో ఇంగ్లండ్ నాణేల సంక్షోభం మీద. సంక్షోభాలు అంత శ్రద్ధగా చదివిన మనిషికి ప్రాక్టికల్ చేసుకోవాలని ఉండదా? 38 రోజుల్లో పీకేశారు. అప్పుడే ఒక పేపరువాళ్ళు లెట్యూస్, అదే బర్గర్‌లో పెట్టే ఆకు, ఒక ముద్ద కొని విగ్గు పెట్టి కెమెరా ముందు కూర్చోబెట్టారు, ఈ ఆకా, ట్రస్ పదవా, ఏది ముందు వాడిపోతుందా అని. ఆకుకూర గెలిచింది. మొత్తం 49 రోజులు, మన పెసరట్ల పిండి కాకపోయినా ఆవకాయ జాడీ కంటే చాలా తక్కువ కాలం.

అయితే అసలు పాయింట్ ఇక్కడుంది. మాజీ ప్రధానులకి ఆఫీసు, సెక్రటరీ ఖర్చుల కింద ఏడాదికి 1,15,000 పౌండ్ల దాకా క్లెయిమ్ చేసుకునే వీలుంది, కోటి పైమాటే, 49 రోజులు చేసినా సరే. అదే మన గుంటూరు కుర్రాడో కరీంనగర్ అమ్మాయో బ్యాంక్ లోన్ పెట్టి ఎమ్మెస్సీ చేసి, రాత్రుళ్ళు వేర్‌హౌస్‌లో డబ్బాలు మోసి, అక్కడే స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉండాలంటే మామూలుగా జీతం 41,700 పౌండ్లు చూపించాలి, చదువు కొత్తగా ముగించినవాళ్ళకి మొదట్లో కాస్త తగ్గిస్తారంతే. ఆవిడకి స్కిల్ చూపించమన్నవాడు లేడు. ఓటర్లు మాత్రం 2024లో చూపించమన్నారు, 630 ఓట్లతో సొంత సీటు పోయింది.

బోరిస్ జాన్సన్‌ది పిపిఈ కాదు, గ్రీకు లాటిన్. అన్నప్రాసననాడే ఆవకాయ అన్నట్టు, పేపర్లో మొదటి ఉద్యోగంలోనే పెద్దమనిషి చెప్పినట్టు ఒక కొటేషన్ అల్లి రాస్తే టైమ్స్ వాళ్ళు తీసేశారు, ఆ పెద్దమనిషి ఎవరో కాదు, ఈయన సొంత గాడ్‌ఫాదర్, ఆక్స్‌ఫర్డ్‌లో హిస్టరీ పంతులు. వేరే పేపర్లో వెంటనే ఉద్యోగం దొరికింది. థెరిసా మే జాగ్రఫీ, ఆవిడకి భర్తని పరిచయం చేసిన పెళ్ళిళ్ళ పేరయ్య మరెవరో కాదు, బేనజీర్ భుట్టో, అదీ కాలేజీ డాన్స్ పార్టీలో. థాచర్ ఒక్కతే కెమిస్ట్రీ చదివి నిజంగా ల్యాబులో పనిచేసింది, అందుకే కాబోలు 1985లో సొంత యూనివర్సిటీవాళ్ళే గౌరవ డాక్టరేట్ ఇచ్చేది లేదని 738-319 ఓట్లతో తేల్చి చెప్పారు (యూనివర్సిటీలకి డబ్బులు కోసింది, అసలు కోపం అది). ఆస్ట్రేలియా ప్రధానిగా చేసిన బాబ్ హాక్ అయితే అక్కడ రెండున్నర పైంట్ల బీరు 11 సెకన్లలో తాగి రికార్డు కొట్టాడు, తన రాజకీయ జీవితానికి అదే బాగా కలిసొచ్చిందని తనే రాసుకున్నాడు.

కేంబ్రిడ్జివాళ్ళు ఇది చదివి నొచ్చుకోవద్దు. ప్రధానుల్లో బాల్డ్విన్ తర్వాత వాళ్ళకి బోణీ లేకపోయినా ఫిల్బీ, బర్జెస్, మెక్‌లీన్, బ్లంట్, కెయిర్న్‌క్రాస్ అని ఐదుగురు గూఢచారుల్ని తయారుచేసి రష్యాకి ఎక్స్‌పోర్ట్ చేశారు. బ్లంట్ అయితే రాణిగారి పెయింటింగ్స్ చూసుకునే ఉద్యోగంలో ఉండి సర్ బిరుదు కూడా పుచ్చుకున్నాడు.

మనవాళ్ళ సంగతంటారా, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా చేసి 1936లో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు, అయితే చదవడానికి కాదు, పాఠం చెప్పడానికి. ఆయన 1952 దాకా ఆ ప్రొఫెసర్ కుర్చీలో ఉండి కూడా వాళ్ళకి తెలీనప్పుడు ఊరుకోవడం అనే సబ్జెక్ట్ ఎందుకు పెట్టించలేదో నాకు అర్థం కాదు.

ఇదంతా ఇంటికొచ్చి బావకి గుక్కతిప్పుకోకుండా చెప్పా. ఆయన టీవీ సౌండ్ తగ్గించి అంతా విని "మరి మావాడు ఇంజనీరింగ్ కదరా, ఆక్స్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చేసి పైకొచ్చినవాడు ఒక్కడన్నా లేడా?" అన్నాడు. ఎందుకు లేడు బావా, రోవాన్ అట్కిన్‌సన్ ఉన్నాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్సీ, మిస్టర్ బీన్ ఆయనే, ఆ కాలేజీల్లో చదివినవాళ్ళలో నోరు తెరవకుండా ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నవాడు నాకు తెలిసి ఆయనొక్కడే అన్నా.

బావ చాలాసేపు గది తలుపు వైపు చూశాడు, లోపల మావాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాడు. తర్వాత మెల్లిగా "వీడు ఇంట్లో కూడా నోరు విప్పడు కదరా, ఫారం నింపేద్దామా?" అన్నాడు.