పొట్టు లేచిందని జెల్ మానేయకండి

మొటిమలకు వాడే అడాపలీన్ జెల్ రాశాక ముఖం పొట్టు లేస్తే వెంటనే ఆపేయమని ఒక వ్యాసంలో రాశారు. ఈ సలహా వినే చాలామంది మందు పనిచేయకముందే వదిలేస్తారు. పొడిబారడం, పొట్టు లేవడం ఎక్కువగా ఉండేది మొదటి 4 వారాల్లో. మొటిమలు తగ్గడం తెలిసేది 8 నుంచి 12 వారాలకు.

ఆపడం కాదు, తగ్గించాలి. 0.1 శాతం జెల్ అయితే ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలు. కడిగాక 20 నిమిషాలు ఆరనివ్వండి. తడి మీద రాస్తే మంట ఎక్కువ. ముందు మాయిశ్చరైజర్, ఆపైన జెల్, మళ్లీ మాయిశ్చరైజర్. రోజు విడిచి రోజు రాయండి, అదీ తట్టుకోకపోతే వారానికి రెండు రాత్రులు. ముక్కు పక్క మడతలకూ పెదవుల మూలలకూ ముందే కాస్త వాజిలిన్ రాస్తే మందు అక్కడికి పాకదు.

మాయిశ్చరైజర్‌లో గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మంలో తేమను నిలిపే కొవ్వు పదార్థాలు) ఉండాలి. కొబ్బరినూనె వద్దు, రంధ్రాలు పూడుకుపోతాయి. లేచిన పొట్టును శనగపిండితో రుద్దడం అన్నిటికన్నా చేటు: మన చామనఛాయ చర్మం మీద ఆ రాపిడికి నల్లమచ్చలు పడి నెలల తరబడి పోవు. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి. మొటిమలకే రాసే మరో మందు బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా వాడుతుంటే 5 శాతం బదులు 2.5 శాతం గురించి డాక్టర్‌ను అడగండి, మంట తగ్గుతుంది.

చర్మం పచ్చిపుండై రసి కారినా, కనురెప్పలు వాచినా మాత్రం ఆపి డాక్టర్‌కు చూపించాలి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఈ జెల్ మొదలుపెట్టకముందే ఆ మాట డాక్టర్‌కు చెప్పాలి.