నిఘంటువు తెరిచే ముందు పదాన్ని విడదీయాలి

చదువుతుండగా కొత్త మాట తగిలితే సందర్భాన్ని బట్టి అర్థం ఊహించుకోమని పిల్లలకు చెబుతుంటాం. తెలుగుకు ఆ సలహా ఒక్కటే చాలదు. మన మాటలు ఒకదాన్నొకటి అతుక్కుని, అతుక్కున్న చోట అక్షరాలు మార్చుకుని వస్తాయి. ముందు విడదీయాలి, ఊహ ఆ తర్వాతే.

పద్యంలో ‘వారు వోరు’ అని ఉందనుకోండి. ‘వోరు’ అని ఎంత వెతికినా అర్థం దొరకదు. గసడదవాదేశం వల్ల ‘ప’ కాస్తా ‘వ’ అయింది. అసలు మాట ‘పోరు’, అంటే వెళ్లరు. అలాగని నిఘంటువులో ‘పోరు’ దగ్గర చూస్తే యుద్ధం అని కనిపిస్తుంది! క్రియను దాని మూలరూపంలో, అంటే ‘పోవు’ దగ్గర వెతకాలి. క, చ, ట, త, ప అనేవి గ, స, డ, ద, వ అవుతాయని బడిలో అందరం వల్లెవేసిందే. కానీ దాన్ని సంధి పేరు రాయడానికే వాడించి, చదవడానికి వాడించకపోవడం పెద్ద లోపం.

సంస్కృత పదాల్లో చిక్కు వేరు. ‘అనుచరుడు’, ‘అనుపమం’ చూపుకు ఒకేలా మొదలవుతాయి. మొదటిది అను+చరుడు, వెంట నడిచేవాడు. రెండోదాన్నీ అలాగే విరిస్తే ‘పమం’ మిగులుతుంది, అలాంటి మాటే లేదు. అచ్చు ముందు ‘అన్’ అంటే లేదని అర్థం కాబట్టి అది అన్+ఉపమం, సాటి లేనిది. విరిచాక మిగిలిన ముక్కకు అర్థం లేకపోతే తప్పుచోట విరిచినట్టే.

పాత నిఘంటువుల్లో వెతకడానికీ పద్ధతి తెలియాలి. 1885లో వచ్చిన శబ్దరత్నాకరం లాంటివాటిలో చెరువును ‘చెఱువు’ అని బండి ఱతో చూడాలి. ‘క్ష’తో మొదలయ్యే మాటలు చివర్లో కాదు, ‘క’లో ఉంటాయి.

ఇంత చేసినా తెలిసిన మాటే మోసం చేస్తుంది. పురాణ వచనాల్లో ‘అయ్యవసరంబున’ తరచూ వస్తుంది. ఆ+అవసరంబున అని సరిగ్గానే విడదీసి, ‘ఆ అవసరం కోసం’ అని చదివేస్తారు. తర్వాతి వాక్యంలో ఎవరో వస్తారు, ఏదో జరుగుతుంది, అవసరం ప్రస్తావనే ఉండదు. సందర్భం అక్కరకొచ్చేది ఇక్కడే. ఆ మాటకు అక్కడ అర్థం ‘ఆ సమయంలో’.