‘బాగుంది’ దగ్గరే ఆగిపోతున్నాం

విశాఖ బీచ్ రోడ్డులోని ఒక హాల్లో ఈమధ్య చిత్రకళా ప్రదర్శన జరిగింది. సాయంత్రం ఆరింటికి అన్నారు, ముఖ్య అతిథి ఏడు దాటాక వచ్చారు. దీపం వెలిగించారు, శాలువాలు కప్పారు, మెమెంటోలు ఇచ్చారు, గ్రూప్ ఫొటో దిగారు. గోడల మీద ముప్పైకి పైగా బొమ్మలున్నాయి. అతిథిగారు వాటిని చుట్టి రావడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. తలుపు పక్కన బల్ల మీద అభిప్రాయాల పుస్తకం పెట్టారు. ‘అద్భుతం’, ‘చాలా బాగుంది’, ‘సూపర్ సార్’, ‘మీరు ఇలాంటివి మరెన్నో వేయాలి’. మూడు రోజుల్లో నాలుగు పేజీలు నిండాయి. దాదాపు అన్నీ ఇవే మాటలు.

ఆ బొమ్మల్లో ఒకదాని పేరు ‘ఉదయం’. ఇసుకలో ఒరిగిన తెప్ప, వలలు సర్దుకుంటున్న ఇద్దరు మనుషులు, వెనక సముద్రం. ఆఖరి రోజు బొమ్మలు దించి ప్యాక్ చేయడానికి వచ్చిన ఫ్రేముల షాపు కుర్రాడు దాన్ని చేతుల్లో పట్టుకుని కాసేపు చూశాడు. ‘‘మాస్టారూ, పొద్దుటి బొమ్మ అన్నారు కదా, నీడలు నీళ్లవైపు పడ్డాయేంటి?’’ అని అడిగాడు. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పొద్దున్నే ఒడ్డున నిలబడితే మన నీడ ఊరివైపే పడుతుంది. చిత్రకారుడు అప్పటికి నవ్వేశారు గాని, తర్వాత మా విలేకరితో మాట్లాడినప్పుడు ఆ నవ్వు లేదు. ‘‘ఆర్నెల్లు ఇంట్లో పెట్టుకుని వేశాను. పదిమంది మిత్రులు వచ్చి చూశారు. ఇద్దరు గమనించారట కూడా. నేనేమనుకుంటానో అని ఊరుకున్నారట.’’

నీడ ఎటు పడాలన్నది చిత్రకారుడి ఇష్టం అనొచ్చు. నిజమే, తెలిసి వేస్తే. తెలియక వేసినప్పుడు ఆ సంగతి చెప్పే మనిషి ఒకడు ఉండాలి. అదీ రంగు ఆరకముందు చెప్పాలి, ఫ్రేము కట్టాక కాదు.

ఈ నగరంలో చిత్రకారులకు కొదవ లేదు. శిల్పులున్నారు, ప్రింట్లు తీసేవాళ్లున్నారు, ఇప్పుడు ట్యాబ్ మీద గీసే కుర్రాళ్లు కూడా చేరారు. ప్రదర్శనలూ క్యాంపులూ జరుగుతూనే ఉన్నాయి. కరువల్లా సాటివాడి పని మీద సూటిగా నాలుగు మాటలు మాట్లాడే అలవాటుకే. మొహమాటం అనే మాట మనకు తప్ప ఇంకెవరికైనా ఇంత బరువుగా ఉందో లేదో తెలియదు గాని, మన కళకు అది చేసిన చెరుపు చాలా ఉంది. ఎదురుగా ‘బాగుంది గురువుగారూ’ అంటాం. బయట టీ కొట్టు దగ్గర నిలబడి అసలు సంగతి మాట్లాడుకుంటాం. ఆ టీ కొట్టు మాటలు ఆ చిత్రకారుడి చెవిన పడితే ఆయనకు రెండేళ్లు కలిసొచ్చేవి. వాట్సాప్ గ్రూపులు వచ్చాక చప్పట్లు కొట్టే చేతుల బొమ్మ ఒకటి అదనంగా చేరింది, అంతే.

ఇది మన సంప్రదాయం కాదు అని తప్పించుకోవడానికి వీల్లేదు. నిండు సభలో ఒక మనిషిని కూర్చోబెట్టి, చుట్టూ పృచ్ఛకులు చేరి, నిషేధాక్షరి పేరుతో అడుగడుగునా అడ్డుపడి, అప్రస్తుత ప్రసంగంతో ధ్యాస చెడగొట్టి, చివరికి పద్యం నిలబడిందా లేదా అని తేల్చే అవధానం మన సొంతం. అక్కడ ఎవరూ నొచ్చుకోరు. ఇదే విశాఖలో 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి వేళ, సన్మానాల మధ్యలోనే, రచయితలూ మీరెటువైపు అని నిలదీస్తూ విద్యార్థులు కరపత్రం పంచారు. ఆ ఏడాదే విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టింది. దాని రాజకీయాలతో ఏకీభవించనివాళ్లు కూడా ఒక ప్రశ్న ఎంత పని చేయగలదో కాదనలేరు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఇప్పటికీ కథ మీద, కవిత మీద వాదించుకునేవాళ్లు కనిపిస్తారు. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ నోట మాట రాదు.

దూరం వెళ్లనక్కర్లేదు, రాజమండ్రి చూడండి. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లిష్ దొర తన చుట్టూ కుర్రాళ్లను చేర్చుకుని వాళ్ల బొమ్మలు చూసేవాడు, తనవి చూపించేవాడు. అడివి బాపిరాజు, దామెర్ల రామారావు ఆ నీడన ఎదిగినవాళ్లే. దామెర్ల బొంబాయి వెళ్లి జేజే స్కూల్లో చదువుకుని, అక్కడే ఉండిపోకుండా రాజమండ్రికి తిరిగొచ్చి చిత్రకళా పాఠశాల పెట్టారు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. 1897లో పుట్టిన ఆయన 1925లో మశూచితో పోయారు. నిండా 28 ఏళ్లు లేవు. మనిషి పోయినా బడి మూతపడలేదు, మిత్రుడు వరదా వెంకటరత్నం దాన్ని నడిపించారు. ఈనాడు దామెర్ల బొమ్మలు గ్యాలరీలో మనం చూడగలుగుతున్నామంటే ఆ స్నేహబృందం పుణ్యమే. ఒక్కడే గదిలో కూర్చుని వేసుకున్నవాడైతే ఆ కాన్వాసులు ఏ అటక మీదో చెదలకు పోయేవి.

అలాగని ఒంటరిగా పనిచేసినవాళ్లు గొప్పవాళ్లు కాలేదని అనడం లేదు. కశింకోటలో ఉంటూ పత్రికల ముఖచిత్రాలతో తెలుగిళ్లను నింపిన వడ్డాది పాపయ్య మనముందు ఉన్నారు. అయితే వపా లాంటివాడు తరానికొకడు పుడతాడు. మిగతా వందమందికి తోడు కావాలి.

మద్రాసు చిత్రకారులు కె.సి.ఎస్. పణిక్కర్ ముందుండగా 1966లో ఊరి బయట సముద్రం ఒడ్డున స్థలం కొనుక్కుని చోళమండలం అనే కళాకారుల ఊరు కట్టుకున్నారు. బాతిక్ బట్టలు, చేతివస్తువులు అమ్మి ఆ డబ్బుతో పెయింటింగ్ సాగించారు. ఒకరి వరండాలో ఇంకొకరు కూర్చుని బొమ్మ మీద మాట్లాడుకోవడం వాళ్లకు రోజువారీ పని. మనకూ సముద్రం ఉంది. దాని ఒడ్డున స్థలాల ధర గురించి మాట్లాడకపోవడమే మంచిది.

ఆంధ్రా యూనివర్సిటీ లలితకళల విభాగం నుంచి ఏటా పిల్లలు పట్టాలతో బయటకొస్తున్నారు. బరోడాలో చదువుకుని వచ్చి ఈ ఊళ్లోనే ఉంటూ, పాఠాలు చెబుతూ, దేశమంతా గుర్తించే బొమ్మలు వేసిన వి.రమేశ్ లాంటివారు ఆ విభాగంలో పనిచేశారు. చదువుకున్నంత కాలం పిల్లలకు ఫర్వాలేదు. పక్క ఈజిల్ దగ్గర ఇంకొకడుంటాడు, లెక్చరర్ వచ్చి ‘ఇక్కడ బరువెక్కువైంది’ అంటారు. పట్టా చేతికొచ్చిన మర్నాటి నుంచి ఆ గొంతులన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి.

ప్రింట్ మేకింగ్ చదివిన పిల్ల సంగతి మరీ అన్యాయం. ఎచింగ్ తీయాలంటే జింకు ప్లేటు, యాసిడ్, రోలర్ల ప్రెస్సు కావాలి. ప్లేటు మీద సిరా పూసి, తుడిచి, తడిపిన కాగితం పరిచి, పైన నమ్దా (మందపాటి ఉన్ని గుడ్డ) కప్పి, చక్రం తిప్పితే గాని బొమ్మ పడదు. ఆ ప్రెస్సు రెండు పడగ్గదుల అపార్ట్‌మెంటులో పట్టదు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల జీతానికి అందదు. కాబట్టి ఆ అమ్మాయి స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరుతుంది, లేదా గ్రాఫిక్ డిజైన్‌కు మారిపోతుంది. ఉమ్మడి ప్రెస్సు ఒకటి నగరంలో ఎక్కడైనా ఉంటే దాని చుట్టూ పదిమంది చేరతారు. చేరినచోట మాటలు వాటంతట అవే మొదలవుతాయి. ప్రెస్సు దగ్గర వంతు కోసం ఎదురుచూసేవాడు పక్కవాడి ప్రింటు చూడక ఏం చేస్తాడు?

తోటివాళ్లతో కలవడమంటే బొమ్మ మంచిచెడ్డలే కాదు. ఉప్పుగాలికి కాగితం మీద బూజు చుక్కలు పడకుండా అద్దానికీ బొమ్మకూ మధ్య ఎంత ఖాళీ వదలాలి, వానాకాలం కాన్వాసు చుట్టి పెట్టొచ్చా, లారీలో పంపేటప్పుడు మూలలకు ఏం కట్టాలి, గ్యాలరీ అడిగిన కమీషన్ న్యాయమేనా, మొదటి బొమ్మకు ధర ఎంత చెప్పాలి... ఇవి ఏ సిలబస్‌లోనూ ఉండవు. పదేళ్లు దెబ్బలు తిన్నవాడు చెబితేనే తెలుస్తాయి. చట్టం సంగతే చూడండి. 1957 కాపీరైట్ చట్టంలో 53ఎ అనే సెక్షన్ ఉంది. పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్ లాంటి వాటి అసలు ప్రతిని కొన్నవాళ్లు పది వేల రూపాయలకు మించిన ధరకు మళ్లీ అమ్మితే, ఆ సొమ్ములో పది శాతం దాకా వాటా అడిగే హక్కు వేసినవారికి ఉంది. ఈ సంపాదకీయం రాసేముందు నలుగురు చిత్రకారులను అడిగాం. ముగ్గురు వినలేదన్నారు. నాలుగో ఆయన విన్నారు, అదీ చెన్నై క్యాంపులో కలిసిన ఒక మలయాళీ మిత్రుడి ద్వారా.

ఆ మలయాళీ మిత్రుడు ఇక్కడ అసలు విషయం. మన ఊరివాళ్లు మన ఊరివాళ్లతో కలిస్తే సరిపోదు. కేంద్ర లలిత కళా అకాడమీకి చెన్నైలో ఒక ప్రాంతీయ కేంద్రం ఉంది, భువనేశ్వర్‌లో ఒకటి ఉంది, కళాకారులు వచ్చి పనిచేసుకునే ఉమ్మడి స్టూడియోలతో సహా. విశాఖ రెండింటి మధ్యా ఉండి రెండింటికీ కాకుండా పోయింది. చెన్నై వైపు చూడటం మనకు పాత అలవాటు. భువనేశ్వర్ నిజానికి దగ్గర, సుమారు 440 కిలోమీటర్లు. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. దారిలో చిలికా దగ్గర ఖల్లికోటలో 1957 నుంచి ఆర్ట్ కాలేజీ నడుస్తోంది. అక్కడి పిల్లలకూ ఇక్కడి పిల్లలకూ ఎండ ఒకటే, తుపాన్లు ఒకటే. ఒకరి పేరు ఒకరికి తెలియదు.

భాష అడ్డం అంటారేమో. సీతంపేట కొండల్లో సవరలు గోడల మీద వేసే బొమ్మకూ, గట్టు దాటితే ఒడిశాలో అదే జాతివాళ్లు వేసే బొమ్మకూ రాష్ట్ర సరిహద్దు అడ్డం రాలేదు. ఏటికొప్పాకలో వరాహ నది పక్కన లేత్ మీద లక్క బొమ్మలు చేసేవాళ్లను చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే రంగు కరిగి చుట్టుకుంటుంది. పక్క పీట మీద కూర్చున్నవాడు తలెత్తకుండానే ‘పసుపు పలచనైంది, ఇంకో చుట్టు పట్టు’ అంటాడు. ఇతను మారు మాట్లాడకుండా ఇంకో చుట్టు పడతాడు. అందులో అవమానం ఏమీ లేదు. మన చదువుకున్న చిత్రకారులు నేర్చుకోవలసింది ఆ పీట దగ్గర ఉంది.

ప్రభుత్వం పాత్ర గురించి ఎక్కువ చెప్పి లాభం లేదు. 1983లో రాష్ట్ర అకాడమీలను రద్దు చేశారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఏ పేరుతో ఏది వచ్చినా ఇక్కడి చిత్రకారుడి గది దాకా రాలేదన్నదే మేం వింటున్న మాట. కొత్త భవనం కావాలని మేమూ అడగం. శంకుస్థాపన రాళ్లు ఈ నగరంలో చాలానే ఉన్నాయి. ఉన్న హాళ్లలో ఏదో ఒకదాన్ని నెలకొక ఆదివారం, అద్దె లేకుండా, చిత్రకారులకు వదిలితే చాలు. మ్యూజియమైనా ఫర్వాలేదు, గ్రంథాలయం మేడ మీద గదైనా ఫర్వాలేదు. గోడకు నాలుగు మేకులు, సరైన వెలుతురు, పదిహేను కుర్చీలు. యూనివర్సిటీ తన ప్రింట్ స్టూడియోను సెలవు రోజుల్లో పాత విద్యార్థులకు తెరవడానికి పెద్ద ఖర్చేమీ కాదు, తాళం తీసే మనిషి ఒకరుంటే అవుతుంది. ఆదివారం పగలే అని ఎందుకంటున్నామంటే, రాత్రి తొమ్మిదింటి దాకా సాగే సభలకు ఆడపిల్లలు, పిల్లల తల్లులు రాలేకపోతున్నారు. తగరపువలస నుంచో అనకాపల్లి నుంచో వచ్చేవాళ్లకు ఆఖరి బస్సు టెన్షన్ ఎలాగూ ఉంటుంది.

కూర్చున్నాక ఎలా మాట్లాడుకోవాలో కూడా తెలియాలి. విమర్శ పేరుతో పాత కక్షలు తీర్చుకునే సభలు మాకు తెలియనివి కావు. పూర్తయిన బొమ్మ తేకూడదు, మధ్యలో ఉన్నదే తేవాలి, మార్చుకునే వీలుంటుంది. తెచ్చినవాళ్లు మొదటి పది నిమిషాలు నోరు మెదపకూడదు. ముందు కంటికి ఏం కనిపిస్తోందో చెప్పాలి, తర్వాతే నచ్చిందీ నచ్చనిదీ. ‘ఎరుపు ఎక్కువైంది’ అన్నవాళ్లు ఎక్కడ, ఎందుకు అన్నది కూడా చెప్పాలి. వయసులో పెద్దవాళ్లు ఆఖర్న మాట్లాడితే మంచిది. వాళ్లు ముందు మాట్లాడితే కుర్రాళ్లు ఇక నోరు విప్పరు. ఆ పెద్దలు కూడా తమ పని పట్టుకొచ్చి అదే గోడకు తగిలించాలి. ఇది జరుగుతుందా అంటే, మాకు అనుమానమే. అరవై ఏళ్ల చిత్రకారుడి కాన్వాసు ముందు ఇరవై ఏళ్ల అమ్మాయి ‘సార్, ఈ మూల నాకు అనవసరం అనిపిస్తోంది’ అనగలిగిన రోజు చూడాలని మాత్రం ఉంది.

ఇంత చెప్పి మా తప్పు దాచుకుంటే బాగుండదు. ఈ పత్రిక నగర పేజీల్లో చిత్రకళా ప్రదర్శన వార్త వచ్చిందంటే, ఎవరు ప్రారంభించారు, ఎవరెవరు పాల్గొన్నారు, అంతే. బొమ్మలో ఏముందో రాసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సినిమా రిలీజైన రోజు సాయంత్రానికి సమీక్ష రాసే మేం, చిత్రకారుడి మూడేళ్ల పనికి ఫొటో కింద రెండు లైన్లు ఇస్తున్నాం. వచ్చే నెల నుంచి నగర అనుబంధంలో ఒక బొమ్మ గురించి, బొమ్మ గురించే, అర పేజీ కేటాయిస్తున్నాం. తోటి చిత్రకారులు రాయొచ్చు, చూసినవాళ్లు రాయొచ్చు, ఫ్రేములు కట్టేవాళ్లు రాస్తే ముందు వేస్తాం. దీపం వెలిగిస్తున్న ఫొటోలు పంపనక్కర్లేదు.