రెఫరెన్సులు ఎన్ని పేజీలు కొట్టమంటారు?

థీసిస్ చివర 'ఉపయుక్త గ్రంథసూచి' అని ఉంటుంది కదా, దాన్ని ఎవరో ఒకరు చదువుతారని నమ్మే అమాయకులు ఇంకా ఉన్నారు. మొన్న ఒకదాంట్లో బోలెడు పుస్తకాల మధ్య, అకారాది క్రమం ఏమాత్రం చెడకుండా, 'గూగుల్ డాట్ కామ్' అని కనిపించింది. పేజీ నంబరు లేదు. అయితేనేం, అనుమానం ఉన్నవాళ్లు గూగుల్ మొత్తం చదువుకోవచ్చు.

విద్యార్థిని అనకండి, ఆ పని యూనివర్సిటీ గేటు ఎదురు జిరాక్స్ షాపుది. "రెఫరెన్సులు తెచ్చారా, మేమే పెట్టేయాలా?" అంటాడు డీటీపీ కుర్రాడు తల ఎత్తకుండా. మీరే పెట్టండి తమ్ముడూ, పది పేజీలకు తగ్గొద్దన్నారు మా సార్. "ఏపీఏ స్టైలా, ఎమ్మెల్యే స్టైలా?" రెఫరెన్సులు రాసే పద్ధతులు రెండిట్లో ఎమ్.ఎల్.ఏ. అనేదానికి కుర్రాడు పెట్టిన పేరది. ఎమ్మెల్యేనే కానివ్వమంటాడు మనవాడు, వెనకాల మంది ఎక్కువుంటారని. కుర్రాడు అదే డిపార్టుమెంటు నిరుటి ఫైలు తెరిచి కాపీ కొట్టి పేస్టు చేస్తాడు, అందులో తప్పు పడ్డ సంవత్సరాలు కూడా భద్రంగా దిగిపోతాయి, రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలు పడేలోపు టీ కూడా వచ్చేస్తుంది.

పట్టుబడతామని టెన్షన్ అక్కర్లేదు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాకా ఇతరుల రాతలతో పోలిక ఉంటే శిక్ష లేదు, పైగా ఆ లెక్కలో గ్రంథసూచిని కలపనే కలపరు.

మనవాళ్లే అనుకోకండి. రెఫరెన్సు ఎలా రాయాలో చూపడానికి పరిశోధన పత్రికలు అచ్చేసే ఎల్సెవియర్ సంస్థ వాన్ డెర్ గీర్ వగైరాలు 2000లో రాసినట్టు ఒక ఉత్తుత్తి వ్యాసాన్ని నమూనాగా ఇచ్చింది. లేని ఆ వ్యాసాన్ని దాదాపు 400 చోట్ల ఉదహరించారని 2017లో ఆన్-విల్ హార్జింగ్ అనే ప్రొఫెసర్ బయటపెట్టారు. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చింది, పుట్టని పుస్తకాలకు పేజీ నంబర్లతో సహా జాతకం రాసిస్తోంది.

నాకు ఒళ్లు మండేది వీళ్ల మీద కాదు. వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీలో కూర్చుని, ముట్టుకుంటే పొడి రాలే పాత పత్రికలు తిప్పి, సంచిక, తేదీ, పేజీ నోట్సులో రాసుకొచ్చిన పిల్ల రెండు పేజీల జాబితా చూపిస్తే, "ఇంతేనా అమ్మా? పక్కమ్మాయి పన్నెండు పెట్టింది" అంటాడే, ఆ గైడు మీద. ఆ రెండిట్లో ఒక్క లైను చూశావా? పోనీ, ఆ పన్నెండులో చూశావా? మరి 'నా పర్యవేక్షణలో' అని దేనికయ్యా సంతకం? జీతం దేనికి?

కనీసం చివర్లో ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే వైవాలోనైనా ఎవరో ఒకరు ఒక పుస్తకం పేరు చదివి "ఇది ఎక్కడ దొరికింది?" అని అడుగుతారేమో అనుకుంటే, అప్పటికే బిర్యానీ వచ్చేసింది.